విగ్రహం పక్కన రెండో పలక

తెల్లదొరల కాలం నాటి విగ్రహం మీద గొడవ రేగితే మనకు రెండే మాటలు వినబడతాయి. పీకేయాలని కొందరు, ముట్టుకోవద్దని కొందరు. మూడో దారి ఒకటుంది. విగ్రహాన్ని ఉన్నచోటే ఉంచి, పాత రాతను ఒక్క అక్షరం కూడా చెరపకుండా, దాని ఎదురుగా ఇంకో పలక నిలబెట్టడం. చెన్నైలో ఈ పని చెయ్యాల్సిన చోట్లు కనీసం రెండున్నాయి. ఐలండ్ గ్రౌండ్స్ దగ్గర గుర్రం మీదున్న మద్రాసు గవర్నరు మన్రో ఒకటి, సెయింట్ థామస్ మౌంట్ మీదున్న సర్వే అధికారి లాంబ్టన్ రెండోది. రెండింటికీ తెలుగు నేలతో నేరుగా లంకె ఉంది. పలక పెడదామన్న ఉత్సాహం చాలామందికి ఉంటుంది. రాతలో, రాయిలో, బిగింపులో ఎక్కడ చెడుతుందో ముందే తెలిస్తే ఆ ఉత్సాహం వృథా కాదు. అందుకే ఈ వివరమంతా.

ఈ పద్ధతికి నాకు తెలిసినంతలో మంచి ఉదాహరణ ఆస్ట్రేలియా పడమటి తీరంలో ఫ్రీమాంటిల్ రేవు పట్నంలో ఉంది. 1913లో అక్కడి పార్కులో ఒక స్మారకం కట్టారు. 1864 నవంబరులో లా గ్రేంజ్ దగ్గర చనిపోయిన పాంటర్, హార్డింగ్, గోల్డ్‌వయర్ అనే ముగ్గురు అన్వేషకుల కోసం దాన్ని కట్టారు. పైన పోర్చెల్లి అనే శిల్పి చేసిన మైట్‌లాండ్ బ్రౌన్ బస్ట్ (ఛాతీ వరకే ఉన్న బొమ్మ) ఉంటుంది. ఆ ముగ్గురినీ వెతకడానికీ, ‘శిక్షించడానికీ’ వెళ్ళిన దండుకు నాయకుడు ఇతనే. ద్రోహులైన ఆదివాసులు రాత్రిపూట మీదపడి చంపారని పీఠం మీద రాసి ఉంది. ఆ దండు వెళ్ళి ఏం చేసిందో మాత్రం ఎక్కడా లేదు.

1994లో అదే స్మారకానికి రెండో పలక బిగించారు. దాన్ని వాక్యం వాక్యంగా చూడండి, నేర్చుకోవడానికి చాలా ఉంది. ఈ స్మారకం మాకు బాధ కలిగించింది, అందుకే ఈ పలక పెట్టాం అని మొదటి వాక్యంలోనే చెప్పేస్తుంది. ఎవరో పెద్దమనిషి తీర్పు చెబుతున్నట్టు ఉండదు. తర్వాత పాత రాత ఒకవైపు చూపే చూసిందని, ఆదివాసులు తమ నేలను కాపాడుకునే హక్కు గురించి గానీ, అంతకు ముందు వాళ్ళను రెచ్చగొట్టిన సంగతుల గురించి గానీ అందులో మాట లేదని చెబుతుంది. ఆ దండు చేతిలో ఇరవై మంది దాకా ఆదివాసులు చనిపోయారని, దండులో ఒక్కరికి కూడా గాయం కాలేదని పక్కపక్కనే రాస్తుంది. ఆ రెండు అంకెలు ఒకచోట చేరాక అది యుద్ధమా ఊచకోతా అన్నది చదివేవాళ్ళకే తెలిసిపోతుంది, విశేషణాలు అక్కర్లేదు. చివరికి పాత పలక ఏ మాటతో ముగిసిందో, మరవకూడదన్న ఆ మాటతోనే ఇదీ ముగుస్తుంది. దాని కింద ఆదివాసీ భాషలో ఒక వరుస ఉంటుంది.

మన దగ్గర జరిగినవి వేరే దారులు. మద్రాసు మౌంట్ రోడ్డు మీద నీల్ విగ్రహం ఉండేది. 1857లో బనారస్, అలహాబాదు, కాన్పూరుల్లో జనాన్ని ఉరి తీయించిన కర్నల్ అతను. 1927లో దాన్ని తీసెయ్యాలని సత్యాగ్రహం జరిగింది, వాలంటీర్లు జైలుకు వెళ్ళారు, గాంధీ మద్దతిచ్చారు. చివరికి 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక తీశారు. ఇప్పుడది ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. అది సరైన పనే అని నా ఉద్దేశం. నీల్ లాంటి మనిషికి నడిరోడ్డు మీద చోటివ్వడమే గౌరవం, ఎన్ని పలకలు పెట్టినా ఆ గౌరవం తగ్గదు. కాబట్టి రెండో పలక అన్నిటికీ మందు కాదు.

బెంగళూరులో ఇంకోలా జరిగింది. ఇప్పటి హడ్సన్ సర్కిల్ దగ్గర ఒక సెనోటాఫ్, అంటే సమాధి లేని స్మారకం, ఉండేది. 1791లో కంపెనీ గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ సైన్యం టిప్పు చేతిలోని బెంగళూరు కోటను పట్టుకున్నప్పుడు చనిపోయిన కంపెనీవాళ్ళ జ్ఞాపకంగా కట్టారు. 1964లో పగలగొట్టారు. సెనోటాఫ్ రోడ్డు నృపతుంగ రోడ్డయింది. కోపం న్యాయమైనదే. కానీ 1791 మార్చి 21 రాత్రి కోటను కాపాడుతూ చనిపోయిన కిలేదారు (కోట అధికారి) బహదూర్ ఖాన్ పేరు ఆ రాళ్ళ పక్కన చెక్కి ఉంటే, ఇవాళ ఆ సర్కిల్లో సిగ్నల్ దగ్గర ఆగినవాడికి అక్కడ రెండు వైపులా మనుషులు పోయారని తెలిసేది. రాయి పోవడంతో మన వైపు కథ నిలబడాల్సిన చోటు కూడా పోయింది.

కార్న్‌వాలిస్ విగ్రహం సంగతి చూస్తే పీఠం విలువ తెలుస్తుంది. అది ఇప్పుడు చెన్నై ఫోర్ట్ సెయింట్ జార్జిలోని ఫోర్ట్ మ్యూజియంలో ఉంది. పీఠం మీద టిప్పు కొడుకులిద్దరినీ 1792లో బందీలుగా అప్పగిస్తున్న దృశ్యం చెక్కి ఉంటుంది. పైనున్న దొర ముఖం కంటే ఆ పిల్లల బొమ్మే ఎక్కువ చెబుతుంది. ఏ విగ్రహాన్నయినా కదిలించాల్సి వస్తే ముందు అడగాల్సింది పీఠం కూడా వెంట వస్తుందా అని. బొమ్మను క్రేనుతో ఎత్తుకుపోయి, రాసి ఉన్న రాళ్ళను అక్కడే వదిలేస్తే సాక్ష్యం పోయినట్టే. కదిలించే ముందు నాలుగు వైపులా కొలబద్ద పెట్టి ఫొటోలు తియ్యాలి. ప్రతి రాయికీ సుద్దతో నంబరు వెయ్యాలి.

ఇక రాత. పలక పనిలో సగం కంటే ఎక్కువ కష్టం ఇక్కడే. తెలుగులో 70 నుంచి 80 మాటలు దాటకూడదు. ఎండలో నిలబడి చదివే మనిషి నిమిషం కంటే ఎక్కువ ఉండడు. ఆ 80 మాటల్లో క్రియలే అసలు బరువు. ‘చంపబడ్డారు’ అని రాస్తే చంపినవాడు మాయమవుతాడు.  మన వాడుకలో ‘ఫలానావాళ్ళు ఫలానావాళ్ళను చంపారు’ అంటాం, కర్త దొరికిపోతాడు. ఒక పక్షానికి ‘అమరులయ్యారు’, ఇంకో పక్షానికి ‘హతమయ్యారు’ అని రాయకండి. రెండింటికీ ఒకే క్రియ వాడండి. ‘కనుగొన్నాడు’ అన్న మాట ఇంకా ప్రమాదం. అప్పటికే ఊళ్ళున్న కొండను కనుగొనడమేమిటి? ‘కొలిచాడు’, ‘పటం గీశాడు’ అని రాస్తే సరిగ్గా చేసిన పనే చెప్పినట్టవుతుంది.

‘పితూరి’ అన్న మాట దగ్గర కూడా ఆగాలి. అది సర్కారు కాగితాల్లో నేరం పేరు, జనం నోట్లో తెగువ పేరు. పలక మీద వాడితే ఎవరి అర్థంతో వాడారో తెలియాలి. లేదంటే ‘ఎదురు తిరిగారు’ అంటే సరిపోతుంది. ‘పాలెగాడు’, ‘పాలెగారు’ కూడా అంతే. ఏదో ఒకటి నిర్ణయించుకుని పలకంతా అదే ఉంచండి. మన్రో ఒకచోట ‘ఆయన’, ఆ పాలెగాళ్ళ వంశంలోని ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఇంకోచోట ‘అతను’ అయితే గౌరవం ఎవరికి పోయిందో చదివేవాడు వెంటనే పట్టేస్తాడు.

మన్రో పలక ఎలా ఉండొచ్చో ఒక నమూనా:

“సర్ థామస్ మన్రో 1820 నుంచి 1827 దాకా మద్రాసు గవర్నరు. అంతకు ముందు, 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేసిన రాయలసీమ, బళ్ళారి ప్రాంతాలను ఏడేళ్ళు పాలించారు. సైన్యాన్ని పెట్టి పాలెగాళ్ళ అధికారం తీసేశారు. రైతే నేరుగా శిస్తు కట్టే రైత్వారీ పద్ధతి నిలబెట్టారు. ఆ శిస్తు నాలుగో వంతు తగ్గించాలని 1807లో తనే రాశారు, కంపెనీ వెంటనే ఒప్పుకోలేదు. 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయారు. సీమలో కొందరు పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నారు. పాలెగాళ్ళ వంశంలోని ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కంపెనీకి ఎదురు తిరిగారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో కంపెనీ ఆయన్ను ఉరి తీసింది. ఈ రెండు జ్ఞాపకాలూ ఒకే చోట ఉండాలని ఈ పలక పెట్టాం.”

ఇందులో మన్రోను మంచివాడనీ అనలేదు, చెడ్డవాడనీ అనలేదు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు కనిపించారన్న కథ, గండిలో బంగారు తోరణం చూశారన్న కథ సీమలో అందరికీ తెలుసు. తిరుమలలో ఆయన పేరున్న గంగాళం ఉంది. వాటినీ చేర్చాలని చాలామంది అంటారు. కథను చరిత్రతో కలిపి ఒకే పేరాలో రాస్తే రెండూ పలచబడతాయి. చేర్చాలనుకుంటే ‘సీమలో ఇలా చెప్పుకుంటారు’ అని విడిగా ఒక వరుస పెట్టండి. నమూనాలో అంకెలున్న చోటల్లా ఆధారం కాగితం నకలు ఫైల్లో ఉండాలి. ఎవరైనా అభ్యంతరం పెట్టేది తేదీ మీదే. ఒక్క తేదీ తప్పయితే మిగతా పలకంతా అబద్ధమంటారు.

చెన్నైలో తమిళం, తెలుగు, ఇంగ్లీషు మూడూ ఉండాలి. మూడింటినీ ఒకదాని కింద ఒకటి పేర్చితే అడుగున ఉన్న భాషను వంగి చదవాలి. అందుకే 1200 మిల్లీమీటర్ల వెడల్పు, 600 ఎత్తు ఉన్న రాయి మీద మూడు నిలువు గడులుగా పక్కపక్కనే పెట్టాలి. ఒక్కో గడి వెడల్పు 350 మిల్లీమీటర్లు. తెలుగు అక్షరం ఎత్తు 9 మిల్లీమీటర్లుంటే వరుసకు ఐదు మాటలు పడతాయి. వరుసకూ వరుసకూ మధ్య దూరం మాత్రం 20 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఇంగ్లీషుకు సరిపోయే దూరమే తెలుగుకూ ఇస్తే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి. డిజైన్ చేసేవాళ్ళకు తెలుగు రాకపోతే తప్పకుండా జరిగే పొరపాటు ఇది.

అంతకంటే పెద్ద పొరపాటు ఫాంటులో ఉంటుంది. యూనికోడ్‌లో టైపు చేసిన పాఠాన్ని చెక్కే షాపువాళ్ళు తమ పాత డీటీపీ ఫాంటులోకి మారుస్తారు. మార్చినప్పుడు ‘క్ష’ విడిపోతుంది, ‘ర’ ఒత్తు పక్క అక్షరానికి జారుతుంది, పొల్లు ఎగిరిపోతుంది. మీరు ఇచ్చేటప్పుడే అక్షరాలను గీతలుగా మార్చి ఇవ్వాలి, అప్పుడు వాళ్ళ కంప్యూటరులో ఏ ఫాంటున్నా తేడా రాదు. ఆ తర్వాత అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీసి, ఈ పనితో సంబంధం లేని ఇద్దరి చేత గట్టిగా చదివించాలి. స్క్రీను మీద చూసి సరే అనడం చాలదు. రాయి మీద అచ్చుతప్పు దిద్దడమంటే పలకంతా మళ్ళీ కొనడమే.

రాయికి మనవాళ్ళందరూ వెంటనే చీమకుర్తి గెలాక్సీ అంటారు. ప్రకాశం జిల్లా రాయి, నలుపులో బంగారు చుక్కలు, చూడ్డానికి చాలా అందం. ఈ పనికి మాత్రం వద్దు. చిన్న అక్షరాలు ఆ చుక్కల్లో కలిసిపోతాయి, సున్నా ఏదో చుక్క ఏదో తెలియదు. చుక్కల్లేని నల్ల రాయి కావాలి, దిండివనం వైపు దొరికే కున్నం నలుపు బాగుంటుంది. అద్దంలాంటి పాలిషు వద్దు, ఆకాశం, చదివేవాడి చొక్కా అందులో కనబడతాయి. మ్యాట్‌గా వచ్చే హోన్డ్ పని అడగండి. అక్షరం లోతుగా చెక్కి ఉండాలి. లోతుంటే నీడ పడుతుంది, నీడ ఉంటే రంగు అక్కర్లేదు. రంగు నింపితే ఎండకు కొన్నేళ్ళలో పెళ్ళలుగా లేస్తుంది, అప్పుడు పలక సగమే చదవడానికి వస్తుంది. లేజరుతో గీసిన రాత చవకే గానీ పైపైనే ఉంటుంది, పక్కన సముద్రం ఉన్న ఊరికి అది పనికిరాదు.

ఇసుక ఊదించి చెక్కేటప్పుడు రబ్బరు స్టెన్సిల్ అతికిస్తారు. తెలుగులో గుండ్రాలు ఎక్కువ. సున్నా నడిమి, ‘ఠ’లో చుక్క చుట్టూ ఉండే భాగం, ఇవన్నీ స్టెన్సిల్లో విడి ముక్కలు. గాలి ఒత్తిడికి అవి ఎగిరిపోతే ‘ఠ’లో చుక్క కనబడదు, సున్నా గుంట అవుతుంది. గీతలు మరీ సన్నమైతే రాయి అంచు పెచ్చు లేస్తుంది. ముందుగా ఒక వ్యర్థపు రాయి మీద ‘స్త్ర’, ‘ఠం’, ‘ధ్ధ’ చెక్కించి చూడండి. అది బాగా వస్తే మిగతాదంతా వస్తుంది.

30 మిల్లీమీటర్ల మందంతో ఈ పలక 65 కిలోల దాకా తూగుతుంది. ఇద్దరు మోస్తే అంచు ఎక్కడో తగిలి విరుగుతుంది, నలుగురు కావాలి, నిలువుగా పట్టుకునే మొయ్యాలి.

పాత పీఠానికి బెజ్జం పెట్టకండి. ఫ్రీమాంటిల్‌లో స్మారకానికే బిగించారు గానీ, ఇక్కడ ఆ దారి వద్దు. పాత పీఠాల్లో రాళ్ళను కలిపే ఇనుప కట్లు లోపలెక్కడుంటాయో తెలియదు. డ్రిల్లు వాటికి తగిలితే నీళ్ళు లోపలికి దారి చేసుకుంటాయి. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి రాయి లోపలి నుంచి పగులుతుంది. అందుకని రెండు మీటర్ల దూరంలో విడిగా ఒక దిమ్మ కట్టాలి. 450 మిల్లీమీటర్ల లోతు పునాది, పై ముఖం 35 డిగ్రీల వాలు, కింది అంచు నేల నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తు. అప్పుడు చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళు కూడా చదవగలరు. చదివేవాడు తలెత్తగానే విగ్రహం కనబడాలి. వీలైతే పలక ముఖం ఉత్తరానికి ఉండాలి, ఏడాదిలో ఎక్కువ రోజులు మనకు ఎండ దక్షిణం నుంచి పడుతుంది.

బోల్టులు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువే కావాలి. 304 చాలంటారు, కానీ ఉప్పుగాలికి దానిమీద టీ మరకల్లా తుప్పు కారి అక్షరాల మీదికి దిగుతుంది. కెమికల్ యాంకరు (బోల్టును రాయిలో పట్టి ఉంచే జిగురు) నింపే ముందు బెజ్జంలో దుమ్ము బ్రష్షుతో తీసి, ఊది, మళ్ళీ బ్రష్షు పెట్టాలి. దుమ్ము మిగిలితే జిగురు దుమ్మును పట్టుకుంటుంది గానీ రాయిని పట్టుకోదు. పలక వెనక 6 మిల్లీమీటర్ల సందు వదలండి. సిమెంటుతో నింపేస్తే కార్తీకం వానలకు తడి లోపల చిక్కి, తెల్లటి ఉప్పు అంచుల నుంచి పొంగుతుంది. ఇత్తడి పలక గురించి అసలు ఆలోచించకండి, ఎవరో ఊడదీస్తే పాత సామాన్ల కొట్టుకు వెళ్ళిపోతుంది.

అనుమతికి ముందు ఆ నేల ఎవరిదో తేల్చుకోవాలి. కార్పొరేషనుదా, పీడబ్ల్యూడీదా, సైన్యానిదా, చర్చిదా అన్నదాన్ని బట్టి అర్జీ మారుతుంది. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధం, ఆపైన ఇంకో 200 మీటర్లు నియంత్రణ. ఫోర్ట్ లోపల ఏం చేయాలన్నా ఈ లెక్క వర్తిస్తుంది. అర్జీతో పాటు పాఠం, కొలతలు, దిమ్మ బొమ్మ, పాత పీఠాన్ని ముట్టుకోమన్న హామీ ఇవ్వండి. ఆ హామీ ఉంటే అభ్యంతరాల్లో సగం ఆగిపోతాయి.

పాత విగ్రహాన్ని శుభ్రం చేస్తామని ఎవరైనా ముందుకొస్తే యాసిడ్, తీగబ్రష్షు, ఆయిల్ పెయింటు మూడూ దూరంగా ఉంచండి. కంచు మీద ఆకుపచ్చ పొర మురికి కాదు, దాన్ని గీకితే లోహమే పోతుంది. నీళ్ళు, మెత్తటి నైలాన్ బ్రష్షు, అరచేయంత చోట ముందు పరీక్ష, అంతే.

లాంబ్టన్ పలక ఇంకా కష్టం. 1802 ఏప్రిల్ 10న ఆయన మౌంట్ దగ్గర కొలవడం మొదలుపెట్టిన ఆధార రేఖ, అంటే దేశ సర్వేకంతటికీ పునాదిగా నేలమీద కొలిచిన గీత, ఏడున్నర మైళ్ళు. 100 అడుగుల ఉక్కు గొలుసును చెక్క పెట్టెల్లో పరిచి, ఎండకు సాగకుండా గుడారం నీడ పట్టి, థర్మామీటర్లు పెట్టి, సుమారు 400 సార్లు ముందుకు జరిపారు. గొలుసు జరిపిన చేతులు, కోణాలు కొలిచే అర టన్ను థియోడొలైటును కొండలు ఎక్కించిన భుజాలు ఎవరివో స్మారకం చెప్పదు. 1819లో కృష్ణా గోదావరుల మధ్య ఎల్లాపురం అడవుల్లో లాంబ్టన్ సహాయకుడు జార్జ్ ఎవరెస్టు బృందమంతా జ్వరాలతో పడిపోయింది. బతికిన దొర పేరు శిఖరానికి పెట్టారు. అదే కాలంలో ఇంకో సర్వే అధికారి మెకంజీ దగ్గర పనిచేసిన ఏలూరు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి పేర్లు మనకు తెలుసు, ఎందుకంటే వాళ్ళు చదువుకుని కాగితాల మీద రాశారు. సర్వేలో గురుతు జెండాలు పట్టినవాళ్ళకు ఆ అవకాశం లేదు.

కాబట్టి ఆ పలక మీద పాఠం ముగిశాక కింద 150 మిల్లీమీటర్లు ఖాళీ వదలండి. చెక్కిన రాయి మీద తర్వాత చేర్చడం కష్టం. అందుకే ఆ భాగాన్ని విడి పట్టీగా కోయించి, రెండు బోల్టులతో ఊడేలా బిగించండి. సర్వే జీతాల చిట్టాల్లోంచి పేరు దొరికినప్పుడు పట్టీ ఒక్కటే షాపుకు వెళ్ళి వస్తుంది.